ఎర్రజుట్టు పిల్ల

ఇసుకలో బోర్లా పడివున్న శవం పిడికిట్లో బారెడు ఎర్రజుట్టు ఉంది.

"అయ్యో దేవుడా! ఆ పిల్ల కూడా పోయిందా?" సార్జెంట్ మానియన్ టోపీ తీశాడు.

"లేదు సార్. మావాళ్ళంతా క్షేమం. అది విగ్గు," అన్నాడు సినిమావాళ్ళ కుర్రాడు ఫింటన్.

నిన్న సాయంత్రం ఐర్లండ్ పడమటి తీరాన, ఈ కానమారా ఒడ్డున సినిమా షూటింగ్ పడవ తిరగబడింది. కాపాడటానికి వచ్చిన లైఫ్‌బోటు మనుషుల్లో ఒకడు నీళ్ళలోకి దూకి, మళ్ళీ పైకి రాలేదు. రాత్రంతా వెతికినా దొరకనివాణ్ణి తెల్లవారాక అల తెచ్చి ఇక్కడ పడేసింది.

సార్జెంట్ శవాన్ని వెల్లకిలా తిప్పాడు.

ఫింటన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎరుగుదువా బాబూ?"

"లేదు సార్."

అబద్ధం. ఆ నల్లటి మొహాన్ని అతను నిన్న పొద్దున్నే చూశాడు. చూడటమేమిటి, కొలిచాడు.

డబ్లిన్ నుంచి వచ్చిన ఫింటన్‌కి ఇది మొదటి పెద్ద సినిమా. గుంపు సీన్లకి మొహాలు ఏరడం అతని పని. "తెర నిండా ఐర్లండ్ కనబడాలి. లేకపోతే నువ్వు కనబడవు," అన్నాడు అమెరికా డైరెక్టరు.

ఐర్లండ్ అంటే ఏమిటో ఫింటన్‌కి తెలుసు. ఎర్రజుట్టు, పాలరంగు, బుగ్గల నిండా మచ్చలు. ఒంటిరంగు పోల్చి చూసే రంగుగళ్ళ అట్ట ఒకటి ఎప్పుడూ అతని జేబులో ఉండేది.

నిన్న పొద్దున గాల్వే పట్నం నుంచి బస్సుల్లో దిగిన జనం వరసలో నిలబడ్డారు. ఆ వరసను దాటుకుని ఒక నల్లటాయన నేరుగా అతని దగ్గరికి వచ్చాడు.

"తమ్ముడూ, ఒక్క మాట."

"వరసలో రా అన్నా. వచ్చినా దండగే అనుకో."

"వేషానికి కాదు. సాయంత్రం మీ పడవ..."

ఫింటన్ అట్ట తీసి ఆయన చెంపకి ఆనించాడు. "నీ రంగు ఏ గడిలో ఉందో చూపించు. హీరో వేషమే ఇప్పిస్తా!"

జనం గొల్లుమన్నారు.

ఆయనా నవ్వాడు. "నేను పుట్టింది ఆ కొండ కిందే తమ్ముడూ."

"పుడితే చాలదన్నా, కనబడాలి. ఇది కరువునాటి కథ. నిన్ను చూస్తే జనం ఏడవాల్సిన చోట నవ్వుతారు."

"నవ్వనీ. ఆటు మొదలైతే ఆ రాళ్ళ మధ్య..."

"సెక్యూరిటీ! ఈయన్ని బయట దింపి రండి."

ఆయన సముద్రం వంక ఒకసారి, ఫింటన్ వంక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఫింటన్ లండన్ నుంచి వచ్చిన నటి హారియట్‌ని కూర్చోబెట్టాడు. కత్తిరించిన నల్లజుట్టు ఆ పిల్లది. దాని మీద నడుం దాకా జారే విగ్గు అతికించి, దూరం నుంచి చూసి మురిసిపోయాడు.

ఆమెను చూడగానే, పడవ నడపాల్సిన ఊరి జాలర్లు తెడ్లు కింద పడేశారు.

"ఎర్రజుట్టు ఆడది ఎదురైతే మావాళ్ళు పడవ విప్పరు నాయనా," అంది టీ పోస్తున్న ముసలి బ్రీజ్.

"అమ్మమ్మా, అది విగ్గు!"

"సముద్రానికి ఆ సంగతి ఎవరు చెబుతారు?"

బస్సుల్లో వచ్చినవాళ్ళలో ముగ్గురు కండలవాళ్ళను ఏరి, హారియట్‌తో పాటు పడవ ఎక్కించి, వాళ్ళ చేతికి తెడ్లు ఇచ్చాడు ఫింటన్.

సూర్యుడు వాలుతుండగా ఆటు మొదలై సముద్రం వెనక్కి తీసింది. రాళ్ళ మధ్య నీళ్ళు గిర్రున తిరిగాయి. తారు పూసిన గుడ్డపడవ చేటలా తిరగబడింది.

నలుగురిలో ముగ్గురిని లైఫ్‌బోటువాళ్ళు పైకి లాగారు. నాలుగోవాడు రాళ్ళ వెనకనించి ఒడ్డెక్కాడు. అది ఎవరూ చూడలేదు.

"ఇతను కోల్మన్. మా లైఫ్‌బోటు కెప్టెన్," అంటున్నాడు సార్జెంట్ ఇప్పుడు, శవం పక్కన కూర్చుని. "సముద్రం నుంచి ఇతను ఒక్కరినైనా మోసుకురాని ఇల్లు ఈ తీరంలో లేదు. నన్ను కూడా తెచ్చాడు. నిన్న మీవాళ్ళకి ఆటు సంగతి చెప్పొస్తానని వెళ్ళాడు. తిరిగొచ్చి ఏమన్నాడో తెలుసా? 'వాళ్ళు వినలేదు, మన బోటు సిద్ధం చెయ్యండి' అన్నాడు."

ఫింటన్ చెయ్యి జేబులోని అట్ట మీదికి వెళ్ళింది.

"నాకు ఒక్కటే అంతు పట్టడం లేదు. లైఫ్‌జాకెట్ ఉంటే మునగడం కుదరదని, దాన్ని విప్పేసి మరీ పడవ కిందకి దూకాడు. కింద ఎవరూ లేరు. ఎవరున్నారనుకుని దూకాడు?"

సార్జెంట్ వంగి, బిగుసుకుపోయిన ఆ పిడికిలిని మెల్లగా విప్పబోయాడు. అది విడలేదు.

"విప్పకండి సార్," అన్నాడు ఫింటన్. "నేనే చంపాను. నిన్న నా దగ్గరికి వచ్చింది ఈయనే. చెంపకి అట్ట పెట్టి గెంటించాను. సాయంత్రం ఒడ్డున మైకు పట్టుకుని, 'ఎర్రజుట్టు పిల్ల పడవ కింద ఉంది, కాపాడండి' అని అరిచింది కూడా నేనే. అప్పటికే హారియట్‌ని నా కళ్ళముందే పైకి లాగారు సార్. విగ్గు ఊడిపోయి, నల్లజుట్టుతో వణుకుతూ కూర్చుని ఉంది. నేను చూశాను. చూసి, ఎవరో మగాడనుకున్నాను. నీళ్ళలో జుట్టు కనబడింది. పొద్దున నా చేతులతో నేనే అతికించిన జుట్టు. అదే ఆ పిల్ల అనుకున్నాను."