థాంక్స్ వినే కడియం

ఇంటర్ పిల్లలందరి చేతికీ సేవా కడియాలు వచ్చాక కాకినాడలో ముసలివాళ్లు సైతం థాంక్స్ చెప్పడం నేర్చుకున్నారు. "చల్లగా ఉండు తల్లీ" అంటే ఆ కడియానికి ఎక్కదు. థాంక్స్ అంటేనే టింగుమంటుంది, పిల్లల సేవా లెక్కలో మార్కు పడుతుంది.

ప్రవల్లిక ఆ కిటుకు మొదటి వారమే పట్టేసింది. గలగలా మాట్లాడేవాళ్ల ఇళ్లే ఏరుకుంది. కందిపప్పు తెచ్చిపెడితే ఒక థాంక్స్, దాన్ని డబ్బాలో పోస్తే ఇంకొకటి. కాలేజీవాళ్లు తన వంతుకి వేసిన చిట్టెమ్మగారికేమో పక్షవాతంతో మాట పడిపోయింది. లేని నడుం నొప్పి సాకు చెప్పి, ఆవిణ్ణి క్లాస్‌మేట్ ఎస్తేరుకి అంటగట్టింది. ఎస్తేరు రెండేళ్లూ ఆవిడకి స్నానం చేయించింది, జావ తాగించింది, జడ వేసింది. ఎస్తేరు కడియం మాత్రం మూగగానే ఉండిపోయింది.

ఇవాళ టౌన్‌హాల్లో, ఇంటర్ పాసై ఊరికి సేవ చేసిన పిల్లలకి సన్మానం. అందరికన్నా ఎక్కువ మార్కులు పడ్డందుకు పెద్ద శాలువా ప్రవల్లిక భుజాల మీద పడింది. చప్పట్లు కొడుతున్న జనంలో చివరి వరసన చక్రాల కుర్చీలో చిట్టెమ్మగారు కనిపించారు. ఆవిడ ఎస్తేరు చెయ్యి వదలకుండా పట్టుకునున్నారు. శాలువా ముళ్లకంపలా గుచ్చుకుంది ప్రవల్లికకి. స్టేజి దిగి, పక్క తలుపులోంచి జారుకోబోయింది.

"ఏయ్, ఆగవే!" ఎస్తేరు కుర్చీ తోసుకుంటూ వచ్చేసింది. "నడుం నొప్పి తగ్గిందా? దాని పుణ్యమా అని నాకీ మామ్మ దొరికింది. థాంక్సే!"

ప్రవల్లిక చటుక్కున చెయ్యి శాలువాలో దాచుకుంది.

అయినా కడియం టింగుమంది.