ముందే ఉన్న పగుళ్లు

"ఈ పగులు చూడండి సార్," అంటూ టైలర్ మెడలోని టేపు తీసి గోడకి ఆనించాడు. "నిన్న పొద్దున రెండంగుళాలు. ఇవాళ మూడు. మా మనవడు కూడా ఇంత తొందరగా ఎదగలేదు."

కట్టడాల ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు. పగుల్లోంచి పక్క స్థలంలో తవ్విన గొయ్యి, గోతిలో తవ్వే బండి, బండి మీద డ్రైవరు కనిపించారు. డ్రైవరు కూడా ఇటే చూసి, "టైమెంతయింది సార్?" అని అడిగాడు. ఆఫీసరు చెప్పాడు.

"ఇలాంటివి ఎనిమిదున్నాయి," అన్నాడు టైలర్. "సెల్లారని రెండు నిలువుల లోతు తవ్వారు. నా గోడకి ఒక్క దన్ను పెట్టలేదు. నెల రోజులుగా మా ఇంట్లో టీలో చక్కెర స్పూను లేకుండానే కలిసిపోతోంది. పని ఆపించండి సార్. ఇల్లు నేలమట్టమయ్యాక ఆపితే ఏం లాభం?"

వెనక గదిలో కుట్టుమిషను ఆగింది. "పిల్లి తలుపులోంచి రావడం మానేసిందని కూడా చెప్పండి," అంది అతని భార్య గొంతు. మిషను మళ్లీ మొదలైంది.

"ఆపించే హక్కు మీకుంది," అన్నాడు ఆఫీసరు. "తవ్వకం వల్ల పక్కింటికి దెబ్బ తగిలితే తవ్వేవాడే పని ఆపి, సొంత ఖర్చుతో బాగుచేసివ్వాలి. అది రూలు. కాకపోతే తవ్వకం మొదలయ్యాకే దెబ్బ తగిలిందని తేలాలి."

గుమ్మంలో నిలబడ్డ బిల్డర్ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. మహా మర్యాదస్థుడు. పగులు మీది దుమ్ము జేబురుమాలుతో తుడిచాడు కూడా.

"టైలరన్నా, మనలో మనకి ఫిర్యాదులేంటి? ఇవన్నీ ముందు నుంచీ ఉన్నవే కదా," అని ఒక కాగితం తీసి ఆఫీసరుకిచ్చాడు.

తవ్వకం మొదలుపెట్టే ముందు పక్కింట్లో ఉన్న పగుళ్లన్నీ రాసి, ఇంటాయనతో సంతకం పెట్టించి ఆఫీసులో ఇవ్వాలి. అది ఆ పట్టీ. కింద టైలర్ సంతకం, పక్కనే ఆఫీసు ముద్ర. ముద్రలో తారీఖు తవ్వకానికి ముందురోజుది.

"సంతకం మీదేనా?"

"నాదే సార్. కానీ ఆ రోజు అందులో ఏమీ లేదు. మీ ఇంట్లో ఒక్క పగులూ లేదు, రాయడానికేముంది, ఉత్తినే పెట్టేయండి అన్నాడు. నిజమే కదా అని పెట్టా."

"ఖాళీ గళ్లు కొట్టేయలేదా?"

"మా ఇంటికి వంక లేదన్న సంబరంలో ఉన్నా సార్. తట్టలేదు."

"ముక్కూమొహం తెలియనివాడి నడుం మాత్రం మూడుసార్లు కొలుస్తారు," అంది వెనక గది.

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. "ఎప్పుడు నింపినా, మా దగ్గరికి నిండే వచ్చింది. ముద్ర పడేనాటికి అక్కడ గడ్డపార కూడా దిగలేదు. రాబోయే పగుళ్లు ముందే రాయడానికి ఈయనేమన్నా జాతకాలు చెబుతాడా?"

"మా ఇంజినీరు లెక్కలు బాగా వేస్తాడు సార్," అన్నాడు బిల్డర్ వినయంగా.

టైలర్ కాగితం లాక్కుని టేపుతో బయల్దేరాడు. 'ఒకటి: ముందు గది, కిటికీ పక్కన, మూడడుగులు.' కొలిచాడు. మూడడుగులే. 'రెండు: వంటగది, గట్టు పైన, అడుగున్నర.' అడుగున్నరే. ఎనిమిదోదాకా కొలిచాడు. దారప్పోగంత తేడా లేదు. ముప్ఫై ఏళ్లలో తను ఒక్క చొక్కా కూడా ఇంత కచ్చితంగా కుట్టలేదు.

తొమ్మిదో గడి చదివి ఆగిపోయాడు. ఇంకోసారి చదివాడు. నెల రోజుల తర్వాత మొహంలోకి నవ్వొచ్చింది.

"దొరికాడు సార్. 'తొమ్మిది: వెనక గది, పైకప్పు పూర్తిగా కూలి ఉన్నది.' మీరే వచ్చి చూడండి. కప్పు నిక్షేపంలా ఉంది. దాని కిందే మా ఆవిడ కూర్చుని కుడుతోంది. ఈ కాగితం పచ్చి అబద్ధం."

ఆఫీసరు వెనక గదిలోకి తొంగిచూశాడు. కప్పు ఉంది. కప్పు కింద ఆవిడ ఉంది. తలెత్తకుండా చొక్కా కాలరు తిప్పుతోంది.

"అవునే," అన్నాడు. "లేనిది ఉన్నట్టు రాశారంటే ఈ పట్టీయే చెల్లదు. ఇప్పుడే పని ఆపమని రాసిస్తా. పెన్నుందా?"

టైలర్ జేబులు తడుముకున్నాడు. సుద్దముక్క తప్ప ఏమీ తగల్లేదు. పెన్ను కోసం సొరుగులు లాగసాగాడు.

ఈలోగా బిల్డర్ ఆ కాగితం తీసుకుని తొమ్మిదో గడి చదివాడు. పాపం, నిజంగానే నొచ్చుకున్నాడు.

"పొరపాటు మాదే సార్, ఒప్పుకుంటున్నా," అని కిటికీ దగ్గరికి వెళ్లి గోతిలోకి కేకేశాడు.

"ఒరేయ్, భోజనానికి తర్వాత పోదువుగానీ బండెక్కు. తొమ్మిదోది మిగిలిపోయింది."