వల సంచిలో నిమ్మకాయలు

మా ఆయన దొరస్వామి కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్ నుంచి ఒక వల సంచి నిండా నిమ్మకాయలు కొనుక్కొచ్చారు. గూడూరులో, అదీ సొంత నిమ్మతోట పెట్టుకుని!

"చెన్నై సరుకు! మన గూడూరు కూడా చెన్నై అయిపోతా ఉండాది. సాయంత్రం ఆడినుంచి వ్యాపారి వస్తా ఉండాడు. వీటితోనే షర్బత్ కలుపు. నీ మచ్చకాయలు పెట్టి పరువు తీయొద్దు."

నా మచ్చకాయలట! తోటలో మంచి కాయలన్నీ చెన్నై లారీ ఎక్కుతాయి. ఏరగా మిగిలిన మచ్చలున్నవే ఇంటికి వస్తాయి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ ఇంటి ఆనవాయితీ ఇదే.

సంచికి అంటించిన చీటీ చదివాను. పండిన ఊరు గూడూరు, సంచి కట్టిన ఊరు చెన్నై.

"ఇవి మన ఊరి కాయలేనండీ," అన్నాను.

"అయితే ఏమే? ఆడికి పోయొస్తేనే విలువ. ఊరు పెరిగేదంటే అదే. నీకు తెలీదులే!"

నాకు తెలియదు కదా. అందుకని సాయంత్రం వ్యాపారికి మచ్చకాయల షర్బతే ఇచ్చాను. అతను గ్లాసు ఖాళీ చేసి ఇంకొకటి అడిగాడు.

"మరి చెన్నై సరుకు కదండీ!" అంటూ మా ఆయన మీసం దువ్వుకున్నారు.

వంటింట్లోకి వచ్చి సంచిలోని కాయ ఒకటి కోశాను. గది నిండా వాసన. ఇన్నేళ్లకు మా ఊరి మంచి నిమ్మకాయ రుచి చూశాను.

మిగిలిన కాయలను సంచితో సహా బియ్యం డబ్బా వెనక దాచి, మా ఆయన చారులోకి ఎప్పటిలాగే మచ్చకాయ పిండాను.