మూడు వెంట్రుకల తేడా

"నీదే. నా తూటా అంత సూటిగా ఎప్పుడు తగిలింది?" అన్నాడు సీతారామరావు.

"భలేవాడివే. నీ ముందు నా గురి ఎంత? అది నీదే," అన్నాడు గణపతిరావు.

ఇంత మర్యాద వాళ్లిద్దరి మధ్య ఆదిత్యపూర్ ఊరు ఎన్నడూ చూడలేదు. పన్నెండేళ్లుగా కలిసి వేటకి వెళ్తున్నారు. పన్నెండేళ్లుగా పోట్లాడుకుంటున్నారు. ఒకే కార్ఖానాలో ఒకరు మేనేజరు, ఇంకొకరు పర్సొనెల్ ఆఫీసరు. హోదాల దగ్గర పేచీ లేదు. పేచీ అంతా తుపాకుల దగ్గరే.

సీతారామరావుది ఇంగ్లీషు త్రీ సెవెంటీ ఫైవ్. గణపతిరావుది జర్మన్ నైన్ పాయింట్ త్రీ. రెండూ ఇంచుమించు ఒకే పని చేస్తాయి. ఆ మాట మాత్రం వాళ్ల ముందు అనకూడదు.

"నాది ఏనుగునైనా కూలుస్తుంది," అని ఒకరు.

"ముందు నీ భుజాన్ని కూలుస్తుంది. నాది తక్కువ తన్ని, అంతే లోతు దిగుతుంది," అని ఇంకొకరు.

ఈ రెంటిలో ఏది కొనమంటారని సాక్చి బజారు తుపాకుల కొట్లో ఎవరైనా వాళ్లని అడిగితే అయిపోయినట్టే. పాపం, ఆ మనిషి ఏదీ కొనకుండా ఇంటికి పోయేవాడు.

వేటలో ఇద్దరూ ఒకేసారి కాల్చేవాళ్లు. పడింది ఎవరి దెబ్బకో తేలితే గాని కొమ్ములు ఎవరింటి గోడకో తేలదు. అందుకు అసిరయ్య ఉన్నాడు. అదే కార్ఖానా టూల్ రూములో టర్నరు. అతను మైక్రోమీటరు పట్టి కొలిచాడంటే ఇక అప్పీలు లేదు.

జీపు నడపడం, అడవిలో డబ్బా వాయించి జంతువుల్ని తోలడం, పడినదాన్ని కోసి తూటా తీసి కడిగి తేవడం, అన్నీ డ్రైవరు ఆదిబాబు పనులు. తూటా ముక్కు నలిగినా అడుగు నలగదు. అసిరయ్య ఆ అడుగు కొలిచేవాడు. తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు దాటితే సీతారామరావుది. తొమ్మిది పాయింట్ మూడైతే గణపతిరావుది.

"మూడు ఎంట్రుకల తేడాకి ఇంత గొడవేటి బాబూ? తగిలినదానికి ఏది తగిలితే ఏటి?" అని నవ్వేవాడు అసిరయ్య. వాళ్లూ నవ్వేవాళ్లు.

అది డెబ్భై ఒకటి జనవరి. ఆదివారం వేటకి వెళ్లారు. పర్మిట్ ఉన్నది కొమ్ములున్న కణితి దుప్పి ఒక్కదానికే. కొట్టకూడనిది కొట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టీ తాగాడు. రెండు తుపాకుల్నీ చేత్తో పట్టుకుని చూసి, మెచ్చుకుని వెళ్లిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం భోజనాల సైరన్ మోగింది. మేనేజరు గదిలో ఇద్దరూ ఆ మర్యాదల్లో ఉండగా అసిరయ్య వచ్చాడు. సెలవులో ఉన్న మనిషి. జుట్టు తడిగా ఉంది. ఒక చేతిలో మైక్రోమీటరు, ఇంకో చేతిలో రుమాలు. ఎప్పుడూ వాళ్లు పిలిస్తే వచ్చేవాడు. ఈసారి ఎవరిదో తెలుసుకోవాల్సింది వాళ్లు కాదు, అతను.

గణపతిరావు లేచి కుర్చీ జరిపాడు. పన్నెండేళ్లలో అది మొదటిసారి.

"కూర్చో అసిరయ్యా. టీ చెప్పనా?"

"వద్దు బాబూ. నిలబడే సూత్తాను."

రుమాలు విప్పాడు. తూటా నల్లగా ఉంది. లోపలి సీసం కరిగిపోయి రాగి డొప్ప మిగిలింది. అడుగు మాత్రం గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది.

ఇద్దరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

"ఇప్పుడివన్నీ ఎందుకు? ఛోడో!" అన్నాడు సీతారామరావు. "ఇద్దరం కాల్చాం. ఇద్దరిదీ అనుకో."

"అదెలాగవుద్ది బాబూ? తూటా ఒకటే కదా."

"నీకు ప్రమోషనిచ్చి చార్జిమాన్‌ని చేద్దామనుకుంటున్నాం," అన్నాడు గణపతిరావు. "సంతకం పెట్టడమే తరువాయి."

అసిరయ్య వినిపించుకోలేదు. మైక్రోమీటరులో తూటా అడుగు పెట్టి తిప్పాడు. మోచేతులు బల్లకి ఆనించి మళ్లీ తిప్పాడు. మూడోసారి కూడా చూశాడు.

"తొమ్మిది పాయింట్ మూడు," అన్నాడు. గణపతిరావు వైపు చూశాడు.

గణపతిరావు కిటికీ వైపు తిరిగిపోయాడు. సీతారామరావు గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత స్నేహితుడి వీపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"మైక్రోమీటరు పాతబడింది అసిరయ్యా. పైగా ఇది కాలిన తూటా. ఈ కొలత చెల్లదు."

"మొన్నటిదాకా సెల్లింది కదా బాబూ!"

"చెల్లదంటే చెల్లదు," అన్నాడు గణపతిరావు, ఇటు తిరక్కుండానే. "బయట ఎక్కడైనా అన్నావో, ఉద్యోగం ఉండదు. పిల్లలు గలవాడివి. వాళ్ల సంగతి చూసుకో."

పన్నెండేళ్లలో మొదటిసారి ఇద్దరిదీ ఒకే మాట.

కొలత తేలింది. దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో తేలలేదు. ఇన్‌స్పెక్టరు వీళ్లింట టీ తాగినవాడు. యూనియన్ సెక్రటరీ వీళ్ల జీపులో తిరిగేవాడు.

"మరి నానేటి సెయ్యాలి?" అన్నాడు. ఎవరినడిగాడో అతనికే తెలీదు.

"అలాగే బాబూ," అన్నాడు చివరికి.

మైక్రోమీటరు బల్ల మీదే వదిలేశాడు. తూటాని మళ్లీ రుమాల్లో పెట్టి మూట కట్టాడు. గుడ్డకి అంటిన బూడిద ఒక్క రవ్వ కూడా నేల మీద పడనివ్వలేదు.

ఆ పొద్దునే ఖర్కాయి ఏటి ఒడ్డున, చితిలో తన పెద్దకొడుకు ఆదిబాబు ఎముకలు ఏరుతుంటే దొరికిందది.