తుమ్మని మనిషి

కొత్త మనిషి గోదాములోకి వచ్చాడు. తుమ్మలేదు.

మిరియాలక్క గుండె జారిపోయింది.

మిరియాలు జల్లెడ పట్టే గోదాము అది. గడప దాటిన కొత్తవాడెవడైనా ముందు తుమ్ముతాడు, తర్వాతే మాట్లాడతాడు. బ్యాంకు మేనేజరు, పోస్టుమ్యాన్, చివరికి అక్క సొంత వియ్యంకుడు కూడా తుమ్మి తుమ్మి గాని కుర్చీలో కూర్చోలేదు.

“ఏవయ్యా, చూశావా? తుమ్మలేదు,” అంది పక్కనున్న మరిదితో, పెదవి కదలకుండా.

“చూశాను వదినా. వాళ్ళ మనిషే.”

వాళ్ళంటే పన్నుల ఆఫీసువాళ్ళు. ఇరుగుపొరుగు దేశాలు కూటమి కట్టి, ఒకరి సరుకు మీద ఒకరు పన్ను ఎత్తేసినప్పటి నుంచి పొరుగుదేశం మిరియాలు వరదలా వచ్చిపడుతున్నాయి. ఏటికేడు పెరగడమే తప్ప తగ్గడం లేదు. అక్కడి కొండలన్నీ తోటలు చేసినా అంత పంట పండదని ఆఫీసువాళ్ళకు అనుమానం వచ్చింది. ఎక్కడివో మిరియాలు తెచ్చి, పొరుగుదేశం గోనెల్లో పోసి, పన్ను ఎగ్గొడుతున్నారని వాళ్ళ గోల. మామూలు బట్టల్లో గోదాములు తిరగడం మొదలుపెట్టారు. తిరిగి తిరిగి వాళ్ళ ముక్కులు మొద్దుబారాయనీ, ఇప్పుడు తుమ్మడం మానేశారనీ వీధంతా చెప్పుకుంటోంది. ఎదురు గోదాముకు తాళం పడింది. దాని యజమానిని జీపెక్కించి తీసుకుపోవడం అక్క కళ్ళారా చూసింది.

అక్క సరుకూ పొరుగుదేశానిదే. నిజంగా అక్కడ పండిందేనని ఆమె నమ్మకం. ఉన్న డబ్బంతా ఊడ్చి తెప్పించింది. అది పోతే ఇక గోదాము మూసుకోవడమే. కానీ పండించినవాడి మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. అంతా దళారి ఫోను మీదే.

“నన్నెలాగైనా గట్టెక్కించు నాయనా,” అని ఆ దళారిని బతిమాలింది.

“నే చూసుకుంటానమ్మా,” అన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తితే ఒట్టు.

కొత్త మనిషి తిన్నగా గోనెల దగ్గరికి వెళ్ళాడు. ఒక గోనె మూతి కుట్టు మీద వేలు పోనిచ్చాడు. దారాన్ని గోటితో పైకెత్తి చూశాడు. తనలో తను నవ్వుకున్నాడు.

దొరికిపోయామనుకుంది అక్క.

“ఈ సరుకు మీదేనా అమ్మా?” తడుముకుంటూ అడిగాడు. భాష అతని నోటికి కొత్తలా ఉంది.

“పైనుంచి పంపించారు వదినా,” మరిది గొణిగాడు. “ఇక్కడివాడైతే మొహమాటపడతాడని.”

“మాది కాదు,” అంది అక్క. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు.

“మరి ఎవరిది?”

“ఎవరో దించి పోయారు. మాకేం సంబంధం లేదు.”

“మీరే తెప్పించారన్నారే...”

“ఎవరన్నారు? ఏ తోటదో, ఏ దొంగ సరుకో! అది పండించినవాడెవడో నాకు తెలీదు. తెలుసుకోవాల్సిన ఖర్మ కూడా నాకు లేదు.”

అతని మొహం వాడిపోయింది. భుజాన ఉన్న సంచిలో చెయ్యి పెట్టాడు. బేడీలు తీస్తున్నాడనుకుని మరిది నాలుగడుగులు వెనక్కి వేశాడు.

బయటికొచ్చింది పచ్చి మిరియాల గుత్తి, ఆకుతో సహా.

“మీ కోసమే తెచ్చాను,” అంటూ చెయ్యి చాచాడు.

“ముట్టుకోకు వదినా! ముట్టుకుంటే సరుకు మనదని ఒప్పుకున్నట్టే!”

అక్క రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. అతను ఆ చేతుల కోసం కాసేపు చూశాడు. గుత్తిని ఒక గోనె మీద పెట్టాడు.

“కాసిని మంచినీళ్ళు దొరుకుతాయా?”

“వీధి చివర కొళాయి ఉంది,” అన్నాడు మరిది.

అతను వెళ్ళిపోయాడు. అక్క కుర్చీలో కూలబడింది.

“బతికిపోయాం వదినా. భలే మాటన్నావు.”

అక్క తలూపింది.

మధ్యాహ్నం గోదాము ముందు జీపు ఆగింది. అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. ఖాకీ బట్టల ఆఫీసరు గడప దాటాడో లేదో...

“హాచ్!”

జేబురుమాలు తీశాడు. మళ్ళీ తుమ్మాడు. అక్క బిత్తరపోయి చూసింది.

“పొద్దున మీ దగ్గరికి ఒకాయన వచ్చాడామ్మా?”

“వచ్చాడండీ. మీ ఆఫీసువారే కదా?”

“మా ఆఫీసేంటి? ఆయన మీ సాక్షి. మీ దళారి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే సరిహద్దు దాటి వచ్చాడు. ముందు మా ఆఫీసుకొచ్చి, సరుకు ఎక్కడిదో చూసొచ్చి చెప్తానని ఇటు వచ్చాడు. తిరిగొచ్చి, ‘ఆమె తనది కాదంటోంది, ఇక నేనెవరి కోసం చెప్పాలి?’ అని బస్సెక్కేశాడు. నిజంగానే కాదన్నారా?”

మరిది నేల చూపులు చూశాడు.

“ఎవరిదీ కాని సరుకును వదలడానికి వీల్లేదమ్మా.” ఆఫీసరు సైగ చేశాడు. జవాన్లు తాళం, సీలూ పట్టుకుని లోపలికొచ్చారు.

“ఆయన... ఆయన తుమ్మలేదండీ,” అంది అక్క, జవాన్లకు అడ్డం వెళ్ళి. “అందుకే మీ మనిషనుకుని భయపడ్డాను.”

ఆఫీసరు జేబురుమాలు ముక్కు మీంచి తీసి, గోనె మీద వాడిపోతున్న గుత్తి వంక చూశాడు.

“ఎందుకు తుమ్ముతాడమ్మా? ఈ మిరియాలు పండించి, ఇంటి ముందు ఆరబోసి, ఆ గోనెల మూతులు తన చేత్తో కుట్టుకున్నవాడు!”