సౌండ్ ఒక్కటే రాలేదు

"ఛ! మళ్ళీ చడీచప్పుడూ లేదు," అంటూ టైపిస్టు బల్ల మీద చరిచాడు.

తెర మీద అంతా నిక్షేపంగానే ఉంది. కొత్తగా ఎక్కించింది ఫోన్ల కోసం తయారైన లినక్స్ సిస్టమ్ కదా, ల్యాప్‌టాప్‌ను కూడా పెద్దసైజు ఫోననే అనుకుంటోంది. వేలితో పైకి నెడితే బొమ్మలు వరసకట్టి నిలబడుతున్నాయి. తాళం తియ్యాలంటే అంకెలే అడుగుతోంది. వై-ఫై వచ్చింది, టచ్ వచ్చింది, ఛార్జింగ్ ఎక్కుతోంది. సౌండ్ ఒక్కటే రాలేదు.

అతనికి కావలసింది ఆ ఒక్కటే. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చెయ్యడం అతని ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో కూర్చుని అదే పని. ఈమధ్య తప్పులు ఎక్కువయ్యాయని సూపర్‌వైజరు రెండుసార్లు మెయిలు పెట్టింది. మూడో మెయిల్లో మొహమాటం లేకుండా రాసేసింది: శుక్రవారంలోగా ఒక ఫైలు తప్పుల్లేకుండా పంపాలి, లేకపోతే ఇక పని పంపం.

తప్పు తనది కాదు, ఈ దిక్కుమాలిన మిషనుది. లోపల ఫోన్లలో వాడే ఏఆర్ఎం రకం చిప్పు. కంపెనీవాళ్ళు అప్‌డేట్లు ఆపేసి చేతులు దులుపుకున్నారు. ఏడాదిగా స్పీకరు సగం మాటలు మింగేస్తోంది. విసుగెత్తి సిస్టమే మార్చేశాడు. ఉన్న సగం కూడా ఊడింది. ఈ మోడల్లో ఏవి పనిచేస్తాయో రాసిన పేజీలో సౌండ్ పక్కన "అంతంతమాత్రం" అనే ఉంది మరి.

భార్య ఎప్పుడొచ్చిందో, భుజాన బ్యాగు కూడా తియ్యకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమండీ, ఇక దాన్ని ఆపండి."

"సౌండ్ వచ్చేదాకా ఆపేది లేదు."

"ఏమిటీ?"

"సౌండు! పొద్దున్నుంచీ టెస్టు నడుపుతున్నా. ఒకావిడ కుడి, ఎడమ అని చెప్పాలి. ఆ మహాతల్లి నోరు విప్పితే ఒట్టు."

ఆమె ల్యాప్‌టాప్ వంక చూసింది. అతని వంక చూసింది. మంచం అంచున కూలబడింది.

"పోనిద్దురూ," అంది. "ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి. నేను తెస్తున్నాను కదా."

అతనికి ఒళ్ళు మండింది. "అంటే నీ మీద పడి తినమంటావా? నాకొచ్చిన విద్య ఇదొక్కటే. ఇది పోతే నేనెందుకూ పనికిరాను, తెలుసా?"

ఆమె కిటికీ వైపు తిరిగి ఏదో అంది.

"గోడకి చెబుతున్నావా? ఇటు తిరిగి ఏడు!"

ఆమె తిరిగింది. "ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళ్దామా అన్నాను."

"ఓహో, నాకు పిచ్చెక్కిందని తేల్చేశావన్నమాట!"

ఆ రాత్రి ఇద్దరూ సరిగ్గా తినలేదు. ఆమె మొహం చూడటానికి అతనికి భయం వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తనమీద ఆశ వదులుకోవడం ఇదే మొదటిసారి అనుకున్నాడు.

మర్నాడు గుడ్లగూబ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. ఆ మోడల్ ల్యాప్‌టాప్‌లో ఈ లినక్స్ నడిచేలా చేసిన మనిషి అతనే. ఏ దేశమో, ఏ వయసో తెలీదు, ఆ మారుపేరు ఒక్కటే తెలుసు. టైపిస్టు పంపిన లాగ్, అంటే మిషను తన పనిని రాసుకునే చిట్టా, అంతా చదివాడట. తప్పేమీ కనబడలేదట. టెస్టు నడిపేటప్పుడు తెర మీద సెట్టింగులు ఎలా ఉన్నాయో వీడియో తీసి పెట్టమన్నాడు.

"ఇటు రా, కాస్త నీ ఫోన్‌తో ఇది తీసిపెట్టు," అని భార్యను పిలిచాడు.

ఆమె ఫోను పట్టుకుంది. టెస్టు నడిచింది. తెర మీద గీత కుడికీ ఎడమకీ ఊగింది.

"తెర మొత్తం పడేట్టు తియ్యి."

"పంపాలంటారా?" ఆమె వీడియో ఆపి అతని వైపు తిరిగింది. "రెండ్రోజులాగి పంపకూడదూ?"

"శుక్రవారం ఎల్లుండేనే బాబూ! ఇతనొక్కడే నాకు దిక్కు."

అతనే ఫోను లాక్కుని పంపించాడు. ఆమె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. అతని చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. పనికి టైమైపోతున్నా లేవలేదు.

అతనికి సిగ్గేసింది. "నిన్న నోటికొచ్చినట్టు కసిరాను. మనసులో పెట్టుకోకు. ఈ మాయదారి సౌండ్ వచ్చిందంటే నీ మీద ఇంకెప్పుడూ అరవను."

ఆమె తల ఊపింది కానీ చెయ్యి వదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఉద్యోగం పోతుందని ఇంత బెంగపెట్టుకుందా అని అతనికి జాలేసింది.

ల్యాప్‌టాప్ తెర మీద గుడ్లగూబ జవాబు వెలిగింది. టైపిస్టు ఆత్రంగా ముందుకు వంగి చదివాడు.

"వీడియోలో ఆవిడ కుడి, ఎడమ అనడం స్పష్టంగా వినిపిస్తోందండీ."