వదులైన స్కోపు

"స్కోపు మళ్లీ జరిగిందిరా దశరథ్," అంటూ పెద్దరాములు ఖాళీ రైఫిల్‌ను బల్ల మీద పెట్టాడు.

దశరథ్ కంపెనీలో డ్యూటీ దిగి, పటాన్‌చెరులోని తన లేత్ షాపు షట్టరు ఎత్తి పావుగంట కాలేదు. ఒళ్లంతా పులిసిపోయి ఉంది. ఈ తుపాకీ మీద గురిచూసే స్కోపును ఇప్పటికే నాలుగుసార్లు బిగించాడు. దశరథ్ బిగిస్తే ఊడదని ఈ చుట్టుపక్కల పేరు. ఇప్పుడు ఆ పేరుకే ఎసరు వచ్చింది.

"ఎన్ని కొట్టినవ్ కాకా?"

"మూడు. ఒక్కటి తగల్లె. పంది పక్కపొంటి పోయింది. సంగమ్మ మక్కచేను సగం మట్టిల కలిసె."

పెద్దరాములు స్టూలు మీద కూర్చోబోయి, కాస్త తప్పి, సర్దుకున్నాడు. రాత్రంతా మంచె మీద మేలుకున్న మనిషి మరి. అడవిపందులు పంట మీద పడితే ఇరవై ఏళ్లుగా ఊళ్లన్నీ పిలిచేది ఆయన్నే.

"పెద్ద తూటా. గాడిద లెక్క తంతది. ఏ స్క్రూ ఆగుతది చెప్పు?"

దశరథ్ తుపాకీని దగ్గరికి లాక్కున్నాడు. పోయినసారి తను చేయనిది లేదు. స్క్రూల నూనె కడిగాడు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోపు ముందుకు జారకుండా దాన్ని పట్టే రింగులను గాడి అంచుకు ఆనించాడు. జిగురు పెట్టి, కంపెనీలో అడిగి తెచ్చిన, బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించాడు. చివరికి ప్రతి స్క్రూ మీంచి రింగు మీదికి తెల్లరంగు గీత గీశాడు. స్క్రూ కదిలితే గీత తెగుతుంది. ఫ్యాక్టరీలో అబ్బిన అలవాటది.

బయట జీపు ఆగింది. సర్పంచ్ సంగయ్య, వెనకే సంగమ్మ దిగారు.

"తేల్చి చెప్పు దశరథ్. తప్పు తుపాకీదా, కొట్టెటోనిదా? ఊర్ల అందరు నవ్వుతున్నరు. రేపు పంచాయతీల మాట్లాడాలె."

పెద్దరాములు ముఖం వాడిపోయింది. గురి తప్పడన్న పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు.

దశరథ్ రింగులను దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత రంగు పోయేలా థిన్నర్ గుడ్డతో స్క్రూలన్నీ గట్టిగా తుడిచాడు.

"తప్పు నాదే సర్పంచ్ సాబ్. నా బిగింపు ఆగలె. కాక గురి మంచిగనే ఉంది."

"నాలుగుసార్లా? ఇగ నీకేం పని వచ్చురా?"

"నా చేను నువ్వే మింగినవ్ కొడకా!" అని సంగమ్మ ఏడ్చింది.

ఆ మాట దశరథ్‌కు గుచ్చుకుంది. తలెత్తకుండానే అన్నాడు. "గీ తుపాకీకి ఇగ స్కోపు నిలువదు. దీంతోని కొట్టుడు బంద్ చేయాలె. జోగిపేట దిక్కు పందులను కొట్టెటందుకు పర్మిషన్ ఉన్న ఇంకొకాయన ఉన్నడట, పిలిపియ్యుండ్రి. కాకను ఎంబడి తోలుండ్రి. పందుల దారులు కాకకే ఎరుక."

సంగయ్య విసుక్కుంటూ జీపెక్కాడు. సంగమ్మ కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది.

"తుపాకీదేనారా?" పెద్దరాములు అడిగాడు. "నాదేనేమో అని నెల సంది నిద్ర లేదు."

"తుపాకీదే కాకా. ఇంటికి పోయి పండుకో."

ముసలాయన నిటారుగా నడిచి వెళ్లిపోయాడు. దశరథ్ టార్క్ రెంచిని గుడ్డలో చుట్టాడు. రేపటి నుంచి ఇస్నాపూర్ దాకా తనను చూసి నవ్వుతారు. నవ్వనీ అనుకుని షట్టరు దించాడు.

తుడిచేసిన తెల్లగీతల్లో ఒక్కటీ తెగలేదు. స్కోపు వెంట్రుకవాసి కూడా జరగలేదు.